పోయినోళ్ళ ఫోల్డర్

ఫ్లెక్సీ కొట్టించుకునేవాళ్ళకు అక్షరాలతో పెద్దగా పని ఉండదు. తలకాయలు కావాలి. పైన ఒక పెద్ద తలకాయ, దాని పక్కన రెండు మధ్యరకం తలకాయలు, కింద వరసగా స్టాంపు బిళ్ళలంత తలకాయలు. కింది వరసలో తన తల పడలేదని ఆలూరు నుంచి షేర్ ఆటో ఎక్కి మరీ వచ్చి నాతో పోట్లాడినవాళ్ళు ఉన్నారు. సంగతి పుట్టినరోజా, జాతరా, బోరులో నీళ్ళు పడ్డాయా అనేది ఆ తర్వాతి మాట.

ఆదోనిలో అలాంటి ఒక షాపులో నేను డిజైనర్ని. డిజైనర్ అనేది బోర్డు మీద మాట. ఎనిమిదో తరగతి సగంలో బడి నన్ను వదిలేసింది, నేనూ దాని కాళ్ళు పట్టుకోలేదు. నా అసలు పని తలలు కత్తిరించడం. ఫోటోలో మనిషి వెనకున్న గేదెనూ గోడనూ తీసేసి, తలా భుజాలూ మిగిల్చి, ఊరి పేరున్న ఫోల్డర్‌లో దాచాలి. ఒకసారి కత్తిరించిన తల పది ఫ్లెక్సీలకు వస్తుంది.

ప్రతి ఊరి ఫోల్డర్ లోపలా ఇంకో రెండు ఫోల్డర్లు ఉండేవి. ఒకటి ‘ఉండేటోళ్ళు’. రెండోది ‘పోయినోళ్ళు’. ఎవరైనా కాలం చేస్తే శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి మా దగ్గరికే వస్తారు కదా. అది కొట్టి ఇచ్చి, వాళ్ళు మెట్లు దిగగానే ఆ తలను మొదటి ఫోల్డర్ నుంచి రెండో ఫోల్డర్‌కు జరపాలి. ఇది మా ఓనరు పెట్టిన పద్ధతి. నేను చేరకముందు ఒకసారి, పోయి పదకొండు రోజులైన మనిషిని ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీలో శుభాకాంక్షలు తెలిపేవాళ్ళ వరసలో కొట్టారట. ఆ ఇంటివాళ్ళు వచ్చి ఆ ఫ్లెక్సీని మడిచి బల్ల మీద పెట్టి, ఒక్క మాట అనకుండా సాయంత్రం దాకా కూర్చుని పోయారట. తిట్టి ఉంటే బాగుండేదిరా అని ఓనరు ఇప్పటికీ అంటాడు. అప్పటి నుంచి రెండు నియమాలు. పోయినవాళ్ళ తల ఆ పూటే జరగాలి. శుభానికి వచ్చినవాళ్ళ ముందర చావు మాట ఎత్తకూడదు.

ఫోటోలకు పేర్లు లేవు, అంకెలే. కాగితం మీద జాబితా కూడా లేదు. శ్రద్ధాంజలి డిజైన్లను ఓనరు షాపులో ఉంచనివ్వడు, కొట్టిచ్చిన పూటే చెరిపేస్తాం. ఫలానా మనిషి ఉన్నాడా లేడా అనేదానికి మా షాపులో ఒకటే సాక్ష్యం: ఆ తల ఏ ఫోల్డర్‌లో ఉంది అన్నది.

ఓనరుకు ఎమ్మిగనూరులో ఇంకో షాపు ఉండేది. అద్దె పెంచారని దాన్ని ఎత్తేసి ఇక్కడ కలిపేద్దామన్నాడు. అక్కడి తలలన్నీ ఒక హార్డ్ డిస్కులో వచ్చాయి. గోనెగండ్ల వైపు ఊళ్ళు, చేనేత మగ్గాల వీధులు, బడిపిల్లల బ్యాచీలు, లెక్కలేనన్ని. ఆదోని తలలూ ఎమ్మిగనూరు తలలూ ఒకే ఫోల్డర్ల చెట్టు కిందికి రావాలి. చేత్తో చేస్తే వారం పడుతుంది. నేను చేత్తో చేసే రకం కాదు.

సంవత్సరం నుంచి ఫోన్లో చూసి కోడ్ రాయడం నేర్చుకుంటున్నా. బడిలో అర్థం కానిది ఫోన్లో ఎలా అర్థమైందంటే, ఫోన్ గోడ కుర్చీ వేయించదు. నలభై లైన్లలో ఒక ప్రోగ్రామ్ రాశాను. దానికి హమాలీ అని పేరు పెట్టాను, పత్తి మార్కెట్లో బస్తాలు మోసేవాళ్ళ మాదిరి ఫైళ్ళనూ ఫోల్డర్లనూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోస్తుంది కాబట్టి. ఒకే అంకె ఉన్న రెండో ఫోటో వస్తే దాని మీద పడెయ్యకుండా పక్కన ఇంకో అంకె తగిలించమని నేర్పాను. అన్నిటికంటే గొప్పగా, దానికొక చిట్టా ఇచ్చాను. ఏ తలను ఎక్కడి నుంచి ఎత్తిందో, ఎక్కడ దించిందో తలకొక గీత రాస్తుంది. తప్పు జరిగితే ‘వెనక్కి’ అని కొట్టాలి. చిట్టాను కింది నుంచి పైకి చదువుకుంటూ, చివర మోసినదాన్ని ముందు వెనక్కి తెచ్చి పెడుతుంది. పై నుంచి కిందికి కాదు, కింది నుంచి పైకి. బస్తా మీద బస్తా వేసినప్పుడు పైదాన్ని తియ్యకుండా కిందిది రాదు కదా. ఆ ఒక్క ముక్క పట్టుకోవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. పది ఫోటోలతో పరీక్ష చేశాను. పోయాయి, వచ్చాయి. పని అయిపోతే ‘అయిపాయె దొరా!’ అనీ, వెనక్కి తెస్తే ‘అంతా మునుపటి మాదిరే ఉంది దొరా!’ అనీ తెర మీద చెప్పేట్టు రాశాను. మనిషన్నాక ఒక్కడైనా దొరా అనాలి కదా.

ఆ రోజు శనివారం. ఓనరు ఎమ్మిగనూరు షాపులో ఆఖరి సామాన్లు ఎత్తించడానికి పొద్దున్నే వెళ్తూ అడిగాడు.

"ముందు అన్నీ ఒక కాపీ తీసి పెట్టుకున్నావా?"

"అన్నా, వెనక్కి తెచ్చేది ఉండగా కాపీ యాలన్నా? అన్నం ముందర పెట్టుకోని టిఫిను కట్టించుకుంటారా ఎవురైనా?"

"నీ నోటికి మాత్రం కరెంటు కోత లేదురా" అని వెళ్ళిపోయాడు.

హమాలీని వదిలాను. తెర మీద గీతలు వానలా పడ్డాయి. ఇరవై నిమిషాల్లో ‘అయిపాయె దొరా!’ అంది. చూస్తే ఎమ్మిగనూరు వైపు ఒక ఊరి ఫోల్డర్ మాత్రం కదల్లేదు, దాని పేరులో ఏదో చుక్క అడ్డం పడింది. పేరు సరిచేసి, ఆ ఒక్క ఊరికోసం హమాలీని మళ్ళీ వదిలాను. పద్నాలుగు తలలు. మళ్ళీ ‘అయిపాయె దొరా!’ టీ తెప్పించుకుని, సగం తాగి, ఆ రోజు ఆర్డరు ఏముందో చూద్దామని హాలహర్వి అవతల ఒక ఊరి ఫోల్డర్ తెరిచాను.

లోపల రెండు ఫోల్డర్లు లేవు. తలలున్నాయి. అన్నీ ఒకే కుప్పగా.

పక్క ఊరు తెరిచాను. కుప్ప. ఇంకోటి. కుప్ప. ఎక్కడ దించాలో చెప్పే లైనులో నేను ఒక మెట్టు తక్కువ రాశాను. ఊరి దాకా తీసుకుపోయి దించమన్నాను, ఊరి లోపల ఉండేటోళ్ళ గదా, పోయినోళ్ళ గదా చెప్పడం మర్చిపోయాను. హమాలీ తప్పేం లేదు, చెప్పిన చోట దించింది. ఖాళీ అయిన గదులను ఊడ్చెయ్యమని కూడా నేనే చెప్పాను. ఊడ్చేసింది.

నిజం చెప్పాలంటే అప్పుడు నవ్వాను. ఇందుకే కదా చిట్టా పెట్టుకున్నది! ‘వెనక్కి’ కొట్టాను. రెప్పపాటులో అయిపోయింది. ‘అంతా మునుపటి మాదిరే ఉంది దొరా!’

రెప్పపాటులో ఎలా అవుతుంది? పోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది కదా.

చిట్టా తెరిచి చూశాను. పద్నాలుగు గీతలు. అంతే. రెండోసారి మోసిన ఆ పద్నాలుగు తలలవి. మొదటిసారి మోసిన వేల తలల గీతలు ఒక్కటీ లేవు. ప్రోగ్రామ్ మొదలైన ప్రతిసారీ చిట్టాను తెరిచి, ఉన్నది చెరిపి, మొదటి పేజీ నుంచి రాయమని నేను రాసి పెట్టాను. ఉన్నదాని కింద చేర్చమని రాయాల్సింది. కోడ్‌లో ఆ రెండింటికీ తేడా ఒక్క అక్షరం. పరీక్ష చేసిన రోజు ఒక్కసారే వదిలాను కాబట్టి అది బయటపడలేదు.

ఫోటో ఒక్కటి కూడా పోలేదు. అన్నీ భద్రంగా ఉన్నాయి. ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అన్నది మాత్రమే పోయింది. 

అప్పుడే మెట్లెక్కి వచ్చింది మేస్త్రక్క.

ఆమె ఆ హాలహర్వి అవతలి ఊరి మనిషి. పత్తి తీసే ఆడవాళ్ళ గుంపుకు మేస్త్రి. ఎవరి చేనుకు ఎంతమంది పోవాలో, ఏ ఆటోలో పోవాలో, ఎవరి తూకం ఎంతో అంతా ఆమె చేతిలో ఉంటుంది. నలభై దాటిన మనిషి, గొంతు మాత్రం రెండు చేన్ల అవతలికి వినిపిస్తుంది. వాళ్ళ ఊరిలో కొత్తగా కట్టిన ప్రార్థన మందిరం ప్రతిష్ఠ మరుసటి రోజు ఆదివారం పొద్దున. గుంపు తరఫున ఫ్లెక్సీ. పైన పాస్టరయ్య, కింద గుంపులోని ఆడవాళ్ళందరూ.

"ఏమప్పా, మా తలకాయలు భద్రంగుండాయా?"

"మీ తలకాయలకేమక్కా, నా తలకాయ గురించి అడుగు."

"నీది ఉంటే గదా అడిగేకి" అని ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. "ముప్పై ఒక్కమందిమి, నన్ను గలిపి. ఒకరు తక్కువైనా నన్ను ఊర్లోకి రానీరు. రెండున్నర బస్సుకు పోవల్ల. పొద్దు మునిగేలోపల కట్టల్ల దాన్ని."

గోడ గడియారంలో పదకొండున్నర. పాస్టరయ్య ఫోటో విడిగా వాట్సాప్‌లో వచ్చింది, ఆ ఊరి ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఈ గుంపు ఆడవాళ్ళ తలలే. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై రెండు.

ఒకరు ఎక్కువ. ఆ ఒక్కరు పోయినోళ్ళ ఫోల్డర్‌లోంచి వచ్చి కలిసిన మనిషి. ముప్పై రెండు మొహాల్లో ఎవరు? పోయినేడాది మేము కొట్టిన వాళ్ళ ఫ్లెక్సీ తెరిచి చూశాను, అందులోనూ ముప్పై రెండుమందీ ఉన్నారు. అప్పటికి అందరూ ఉన్నారన్నమాట. ఆమె తలను బహుశా నా చేత్తోనే జరిపి ఉంటాను. నెలకు ఎన్నో జరుపుతాను. జరిపినప్పుడు మొహం చూడను, అంకె చూస్తాను.

తెలుసుకోకుండా కొడితే ఆదివారం పొద్దున కొత్త మందిరం గడపలో ఆ మనిషి నవ్వుతూ వేలాడుతుంది, ఆమె ఇంటివాళ్ళందరూ ఆ గడప దాటి లోపలికి పోవాలి. తీసెయ్యడంలో పొరపాటైతే బతికున్న మనిషిని పాడె ఎక్కించినట్టు. నోరు తెరిచి అడుగుదామంటే, శుభకార్యానికి వచ్చిన మనిషిని పట్టుకుని మీలో ఎవరు పోయారమ్మా అని అడగాలి. అడిగితే నేను చేసిన నిర్వాకం సాయంత్రానికి హాలహర్వి దాకా తెలుస్తుంది. ఆమె గొంతు సంగతి ముందే చెప్పాను.

అడగకుండా అడగాలి. నాకు తెలిసిన విద్య ఒకటే.

"అక్కా, పెద్దగా చేసి ఒక్కొక్కరినీ చూపిస్తా. ఎవురి మొహమన్నా బాగలేకుంటే రంగు దిద్దుతా. అందరినీ హీరోయిన్లను చేసి పంపిస్తా ఈ పొద్దు."

"మా ఊర్ల మొగోళ్ళు తట్టుకోలేరప్పా" అంది గానీ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

మొదటి తల తెరిచాను. "ఈ అక్క ఏంది, కెమెరాను కొట్టేట్టు చూస్తాండాది?"

"మా పెద్దమ్మ కోడలు. కెమెరా ఏమి లెక్క, మొగున్నే అట్ల చూస్తాది. పొద్దున గూడ పొరక పట్టుకోని ఎంటబడింది ఆయప్పను."

పొద్దున వెంటపడింది. ఉంది. ఒకరు తీరారు.

"ఈ అవ్వ?"

"అవ్వ యాడ? నాకంటే రెండేండ్లు చిన్నది. ఎండకు అట్లయింది. నువ్వు అవ్వ అన్నావని సెప్తే కంప తీసుకోని ఆదోనికి వస్తాది."

కంప తీసుకుని వస్తుంది. ఉంది.

ఇలా ఒక్కో తలకూ ఒక జోకు వేసి, ఆమె చెప్పే జవాబులో ఊపిరి ఉందా లేదా వెతుక్కుంటున్నా. బయటికి నవ్వుతున్నా, చొక్కా వీపుకు అంటుకుపోయింది. మధ్యలో ఓనరు ఫోను.

"ఏమిరా, అన్నీ వచ్చినాయా? ఏమన్నా పోయినాయా?"

"ఒక్కటి గూడ పోలేదన్నా." అబద్ధం కాదు. పెట్టేశాను.

పదిహేడో తల. గుండ్రని మొహం, ముందు పన్ను ఒకటి కొంచెం విరిగింది, నోరంతా నవ్వు. నేను జోకు వేసేలోపలే మేస్త్రక్క తెర మీదికి వంగింది.

"ఇది సూడు! నవ్వొద్దమ్మా అని మీ ఓనరు మొత్తుకున్యాడు ఆ పొద్దు. నవ్వొద్దంటే ఇంగా నవ్వె. ఇదీ నేనూ ఒగటే సాలు పట్టుకుంటాం సేన్లో. ఇది పాట ఎత్తుకునిందంటే ఎండ తెలీదప్పా. ఒగసారి సాలు మధ్యన పాము. అందరమూ ఉరికితిమి. ఇది మాత్రం నిలబడుకోని, ఓ పామమ్మా, మీ ఇంటికి నువ్వు పో, మా ఇంటికి మేం పోతాం అని రాగం తీసె. ఆ పాము నిజంగా పాయె!"

నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేనూ నవ్వాను. ముప్పై రెండుమందిలో అందరికంటే బతికున్నది ఈమే అనిపించింది. తర్వాతి తలకు పోయాను.

ఇరవై మూడో తల. సన్నటి మొహం, గట్టిగా బిగించిన పెదాలు.

"ఈ అక్క ఎవరక్కా?"

మేస్త్రక్క వీధి వైపు చూసింది. "తర్వాతది తియ్యి."

"కొంచెం రంగు దిద్దేదా అక్కా ఈమెకు?"

"తియ్యప్పా అంటి గదా." గొంతు చిన్నబోయింది. రెండు చేన్ల అవతలికి వినిపించే గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

తీశాను. లోపల ఎక్కడో పెద్ద బస్తా దిగింది. దొరికింది. పాపం, ఎవరో బాగా దగ్గరి మనిషి. మిగతా తొమ్మిది తలలూ మాటవరసకు చూపించాను.

"ముందుగాల కొట్టు. తోరణాలకు రంగుకాగితాలు, పిల్లోళ్ళకు బిస్కట్లు కొనుక్కోనొస్తా" అని ఆమె బజారుకు పోయింది. కొట్టే ముందు మొత్తం ఒకసారి చూపించడం మా పద్ధతి. ఆ రోజు నాకు ఆమె మళ్ళీ ఆ మొహాన్ని చూడకముందే అయిపోగొట్టాలనిపించింది. ఇరవై మూడును తీసేశాను. ముప్పై ఒక్కటి. లెక్క సరిపోయింది. మిషన్ మీదికి పంపాను.

ఆమె తిరిగొచ్చేసరికి రెండు కావడానికి పది నిమిషాలుంది. ఫ్లెక్సీ నేల మీద పరిచి ఆరుతోంది. చెప్పులు విడిచి, దాని పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కొక్క మొహం మీద వేలు గాల్లో ఆడిస్తూ చూసుకుంటూ పోయింది. నేను ప్యాకింగ్ కాగితం చింపుతున్నా.

"మా ఆడబిడ్డ యాడ?"

నా చేతులు ఆగాయి. "ఎవరక్కా?"

"మా ఆయన చెల్లెలప్పా. సన్నగా ఉంటాదే. యాల తీసినావు దాన్ని?"

"నువ్వే కదక్కా... తియ్యి తియ్యి అంటివి."

"నాకూ దానికీ మాటల్లేవు. రెండు నెల్లాయె. మాటల్లేకుంటే గుంపులో లేకుండా పోతాదా? దాన్ని నేనే తీయించినానని ఇంటిమీదికి వస్తాది. వాళ్ళన్న నన్ను..." అంటూనే వేలు కదిపింది. రెండో వరస మధ్యలోకి వచ్చి వేలు నిలిచిపోయింది.

పదిహేడో తల. విరిగిన పన్ను, నోరంతా నవ్వు.

బయట ఆటోలవాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. నాకు ఓనరు చెప్పిన వాళ్ళు గుర్తొచ్చారు, సాయంత్రం దాకా మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళు. తిట్టక్కా అని లోపల అనుకుంటున్నా.

"దీన్ని పెట్టినావేమప్పా?" అంది చివరికి, మెల్లగా.

"నువ్వు అంత బాగా నవ్వుతూ చెప్పితివి కదక్కా ఈమె గురించి."

"దాన్ని తలుసుకుంటే నవ్వే వస్తాది. ఏం జెయ్యల్ల?" కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "జరమొచ్చి నాలుగు దినాల్లో పాయె. పోయిన పత్తి కాలంలో నేనే వచ్చి ఈడ్నే కూసోని కొట్టిస్తి గదప్పా దాని పోస్టరు. నువ్వే గదా సుట్టూ తెల్లపూలు పెట్టింది. మీకు తెలుసు గదా అనుకుంటి. తెరమీద పెద్దగా అగుపిస్తే పానం లేచొచ్చినట్టాయె, మాట్లాడితి. రేపు దాని కూతురు పాట పాడుతాది ఆడ. ఈ బొమ్మ కింద నిలబడుకోని పాడల్ల పాప."

ఇంక జోకు దొరకలేదు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. రెండు ఫోల్డర్ల సంగతి, హమాలీ, చిట్టా, అది చెరిగిపోవడం, ముప్పై రెండు తలలు, నేను ఆడిన నాటకం. అడ్డం రాకుండా విన్నది. కంప్యూటర్ అంటే ఏమిటో తెలియని మనిషికి ఎలా అర్థమవుతుందా అనుకున్నా. నాకంటే బాగా అర్థమైంది.

"అంటే తూకం కాకముందే అందరి పత్తీ ఒగటే కుప్ప పోసినావు. ఇప్పుడు ఏది ఎవురిదని అడుగుతాండావు."

"అంతే అక్కా."

"మా గుంపులో ఎవురైనా ఆ పని సేసింటే మరుసటి దినం ఆటో ఎక్కనిచ్చేదాన్ని గాదు."

తల ఊపాను. గడియారం చూశాను, రెండూ ఐదు. ఒక దారుంది అన్నాను. సన్నమొహం ఆమె తలను స్టిక్కర్ మీద కొట్టి ఈమె తల మీద అతికిస్తే రెండు తప్పులూ ఒక్క దెబ్బకు పోతాయి, బస్సూ దొరుకుతుంది. మా షాపుల్లో అది మామూలే, అంగుళం కూడా తేడా తెలియదు.

మేస్త్రక్క నన్ను చూసిన చూపుకు ఫ్లెక్సీ ఇంకో గంట ముందే ఆరిపోయి ఉండాలి.

"దాని మొహం మీద ఇంగొకరి మొహం అతికిస్తావా? అదీ మా ఆడబిడ్డది! బతికినన్నాళ్ళూ దాంతో పడలేక సచ్చె ఇది. ఇప్పుడు నెత్తిమీద ఎక్కిచ్చి గూసోబెడతావా?" అన్నాక తనకే నవ్వు వచ్చింది, నవ్వు సగంలో ఏడుపు వచ్చింది. "కొత్తది కొట్టు. పోతే పోనీ బస్సు."

ఊరికి ఫోన్ చేసింది. గొంతు మళ్ళీ రెండు చేన్ల అవతలికి లేచింది. "ఆ, ఐదు గంటల బస్సుకు వస్తా. మిషనుకు జరమొచ్చిందంట... ఆ, బాగైతాది. మొగోళ్ళను లైట్లు ఎత్తుకోని మందిరం గేటుకాడికి రమ్మను." ఫోన్ పెట్టి నా వైపు చూడలేదు. ఆమె నాకోసం అబద్ధం ఆడిందని నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది.

ఇరవై మూడును లోపలికి తెచ్చాను, పదిహేడును తీశాను. ఈసారి కొట్టేముందు పూర్తిగా చూపించాను. ముప్పై ఒక్కమందినీ వేలుపెట్టి లెక్కపెట్టుకుని ఊ అంది. మిషన్ మళ్ళీ మొదలైంది. చెడిన ఫ్లెక్సీని ఏం చెయ్యాలో అడిగాను. అలాంటివి బండల షెడ్డు మీద కప్పుకోవడానికి, పత్తి నింపిన బోరా సంచుల మీద పరుచుకోవడానికి ఎవరో ఒకరు వచ్చి అడిగి తీసుకుపోతుంటారు.

"ఎవురికీ ఇయ్యొద్దు. కత్తిరించొద్దు. సుట్టి పైన పెట్టు" అంది. చుట్టి పైన పెట్టాను.

"మా ఊరు ఒగటేనా ఇట్లయింది?"

"అన్ని ఊర్లూ అక్కా."

"మీ ఓనరుకు తెలుసా?"

తల అడ్డంగా ఊపాను.

"ఇప్పుడు సెయ్యి ఫోను. నా ముందర."

చేశాను. పొద్దున అన్న మాటతో సహా చెప్పాను, కాపీ ఎందుకన్నా అన్న మాట. అవతల సామాన్లు లాగుతున్న చప్పుడు ఆగింది. తిడతాడనుకున్నా, రేపటి నుంచి రావద్దంటాడనుకున్నా. "ఎవురెవురో నాకు గూడ గుర్తులేదురా" అన్నాడు. అంతే అన్నాడు. నేను పని పోతుందనే భయం ఒక్కటే పెట్టుకుని ఉన్నాను అప్పటిదాకా. ఆ మాటతో అది చిన్నదైపోయింది. రెండు తాలూకాల్లో ఎందరో మనుషులు మా డబ్బాలో సగం ఉండీ సగం లేకుండా కూర్చుని ఉన్నారు, వాళ్ళను ఏ చోట పెట్టాలో ఆదోనిలో తెలిసినవాడు లేడు, ఎమ్మిగనూరులోనూ లేడు.

ప్రోగ్రామ్ తెరిచాను. ఆ ఒక్క అక్షరం మార్చాను. ఇకనుంచి చిట్టా చెరిపెయ్యదు, కింద చేరుస్తుంది. ఎత్తిన తర్వాత కాదు, ఎత్తకముందే రాయాలని ఇంకో లైను వేశాను. మందిరం ఉన్న ఊరి ఫోల్డర్‌లో కొత్తగా రెండు గదులు కట్టాను. ఈసారి హమాలీని గుంపు మీదికి వదల్లేదు. ఒక్క తల అంకే చెప్పాను.

మేస్త్రక్క లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. "ఏం జేస్తాండావు?"

"ఆమెను ఆమె చోటికి పంపిస్తున్నా."

కొట్టాను. చిట్టాలో పాత గీతల కింద కొత్త గీత పడింది.

"ఇప్పుడు యాడుండాది?"

"పోయినోళ్ళ దాంట్లో."

"సూపియ్యి."

తెరిచాను. తెల్లటి తెర. పై మూలలో గుండ్రని చిన్న మొహం, నోరంతా నవ్వు. మిగతాదంతా ఖాళీ.

"ఒగతేనా?"

"మీ ఊర్లో ఇప్పటికి ఈమె ఒక్కతే అక్కా. మిగతా ఊర్లవాళ్ళు ఎవరో తెలియదు కదా. ఎక్కడా ఎవరూ లేరు."

ఆ ఖాళీని చూస్తూ నిలబడింది. మిషన్ అటూ ఇటూ పోతూ పాస్టరయ్య నుదురు దాకా దింపింది. ఐదు గంటల బస్సుకు ఇంకా రెండు గంటలు పైనే ఉంది.

"అది ఒగతే ఉండదప్పా. సేన్లో నీళ్ళ కుండ కాడికి గూడ ఒగతే పోయేది గాదు, ఎవురినో ఒకరిని పిల్సుకోని పోతుండె." ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని నా పక్కనే వేసుకుంది. కొంగు నడుముకు దోపుకుంది. "పక్కూరు తెరువు. ఆ ఊరి ఆడోళ్ళు నా గుంపులో పన్జేసినారు, నాకు తెలుసు. దాని అవతలి ఊర్లో మా సిన్నాయన గుంపు ఉండె, వాళ్ళనూ సెప్తా. తోడుకు ఎవురొస్తారో సూద్దాం."

పక్కూరు తెరిచాను.